ఇంటిలో కూర్చిన కారు

ఎద్దుబండి చక్రము ఇరుసునుండి జారిపోకుండ ఆపునది ఒక చిన్న చీల. బండి ఎంత పెద్దదైనను, ఎడ్లు ఎంత బలము గలవైనను, ఆ చీల ఊడిపోయినచో బండి నడిత్రోవలో కూలబడును. అందుచేత అనుభవము గల బండివాడు ఎడ్లను కట్టుటకు ముందు ఇరుసుల చివర చేయివేసి, చీలలను ఒకసారి తడవి చూచుకొనును. కంటితో చూచుట అతనికి చాలదు. చేతితో కదిపి చూడవలెను.

ఈ జాగ్రత్త ఎద్దుబండితోనే ముగిసిపోలేదు. వేలకొలది భాగములు గల మోటారుకారునకు గూడ అది కావలసినదే. అయితే కారు కొన్నవారిలో పెక్కుమందికి దాని లోపలి సంగతులు తెలియవు. తెలియవలసిన పనియు లేదు. కర్మాగారములో ఎవరో బిగించిరి, ఎవరో పరీక్షించిరి అను నమ్మకముతో వారు ప్రయాణము చేయుదురు. తన కారును తానే ఇంటిలో కూర్చుకొనువానికి మాత్రము అట్టి నమ్మకము దొరకదు. అతడు నమ్మవలసినది తన చేతులనే.

కారును ఇంటిలో కూర్చుకొనుట సాధ్యమా యని ఆశ్చర్యము కలుగవచ్చును. ఇంగ్లండు దేశమున ఇది చాలకాలముగా ఉన్న అలవాటు. ఒక కంపెనీవారు కారునకు కావలసిన భాగములన్నియు సిద్ధపరచి, పెట్టెలలో సర్ది పంపుదురు. కొన్నవాడు తన యింటి షెడ్డులో, సెలవు దినములలో, వానిని ఒక్కటొక్కటిగా బిగించి కారుగా చేసికొనును. ఇట్టి కారును 'కిట్ కారు' అందురు.

ఈ పద్ధతికి ప్రసిద్ధి తెచ్చినవారిలో కాలిన్ చాప్‌మన్ ముఖ్యుడు. ఆయన 1928లో జన్మించెను. లండను యూనివర్సిటీ కాలేజీలో కట్టడముల నిర్మాణమునకు సంబంధించిన ఇంజనీరింగు చదివెను. 1948లో ఒక పాత ఆస్టిన్ సెవెన్ కారును తీసికొని, దాని భాగములతో పోటీలకు పనికివచ్చు కారు నొకదానిని తయారుచేసెను. ఆ పని జరిగినది కర్మాగారములో కాదు. తరువాత ఆయన వివాహమాడిన హేజెల్ విలియమ్స్ తలిదండ్రుల యింటి వెనుకనున్న చిన్న షెడ్డే ఆయన కర్మాగారము. 1952లో ఆయన లోటస్ ఇంజనీరింగు కంపెనీని స్థాపించెను. 1957లో ఆ కంపెనీనుండి 'లోటస్ సెవెన్' అను చిన్న కారు వెలువడెను.

ఆ కారులో ఆడంబర మేమియు లేదు. ఇద్దరు కూర్చుండుటకు చోటు, తలుపులు లేవు, గట్టి పైకప్పు లేదు. సన్నని ఉక్కు గొట్టములను అతికి చేసిన చట్రము, దానిమీద అల్యూమినియపు రేకు, అంతే. అయినను ఆ చట్రములో గొప్ప తెలివి యున్నది. నాలుగు కర్రలను మూలలయందు మేకులతో కూర్చి చతురస్రముగా చేసి, ఒక మూల త్రోసినచో అది ప్రక్కకు ఒరిగిపోవును. మూడు కర్రలతో చేసిన త్రికోణము ఎంత త్రోసినను ఒరుగదు. చాప్‌మన్ తన గొట్టములను అనేక త్రికోణములు ఏర్పడునట్లు అమర్చెను. అందుచేత చట్రము తేలికగా నుండియు గట్టిగా నిలిచెను.

ఆ కారు భాగములుగా అమ్ముడుపోవుటకు మరియొక కారణము కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున, 1940లో, బ్రిటిషు ప్రభుత్వము వస్తువులమీద కొనుగోలు పన్ను విధించెను. యుద్ధము ముగిసిన తరువాత గూడ ఆ పన్ను కొనసాగెను. పూర్తిగా తయారైన కారునకు ఆ పన్ను చెల్లించవలెను; విడిభాగములుగా కొని తానే కూర్చుకొనువాడు చెల్లించ నక్కరలేదు. 1957లో సిద్ధముగా చేసిన లోటస్ సెవెన్ వెల పన్నుతో కలిపి 1,036 పౌనులు. భాగములుగా కొన్నచో 536 పౌనులు మాత్రమే. కొద్ది జీతము గల యువకులు సైతము చేతిపనికి వెనుదీయనిచో కారు సంపాదించుటకు ఈ పద్ధతి త్రోవ చూపెను.

ఇందులో ఒక తమాషా గలదు. పన్ను తప్పవలెనన్నచో, భాగములతోపాటు వానిని కూర్చు విధానమును వ్రాసి యీయరాదని నిబంధన. విప్పు విధానమును ఈయరాదని మాత్రము ఆ నిబంధనలో లేదు. అందుచేత కారును ఎట్లు విప్పవలెనో తెలుపు కాగితములను పెట్టెలో ఉంచెడివారట! కొన్నవాడు ఆ కాగితములను చివరినుండి మొదటికి చదువుకొని, అదే క్రమమున భాగములను బిగించుకొనెడివాడు. ఇది నవ్వు పుట్టించు ఉపాయమైనను ఇందులో ఒక పాఠమున్నది. కూర్చుటయు విప్పుటయు ఒకే మార్గమునకు రెండు కొనలు. ఒక వస్తువును ఎట్లు విప్పవలెనో ఎరిగినవాడే దానిని సరిగా కూర్పగలడు.

1973లో కొనుగోలు పన్ను పోయి, దాని స్థానమున వేరొక పన్ను వచ్చెను. కిట్ కారుకొరకు వెదకుకొన్న మినహాయింపు దానితో పోయెను. అయినను కార్లు కూర్చువారు ఆ పని మానలేదు. అదే సంవత్సరమున లోటస్ సెవెన్ తయారుచేయు హక్కును కేటర్‌హామ్ కంపెనీ తీసికొనెను. ఆ మాదిరి కార్లను నేటికిని ఆ కంపెనీ భాగములుగా అమ్ముచున్నది. పన్ను తప్పించుకొనుట యొక్కటే కారణమైనచో ఈ పని ఏనాడో అంతరించి యుండెడిది. తాను ఎక్కి తిరుగు వాహనములోని ప్రతి మరను తన చేతితో బిగించితినను తృప్తికి పన్నుతో సంబంధము లేదు.

ఇంగ్లండులోని ఒక చిన్న పట్టణములో ఒక గృహస్థు ఇట్టి కారును కూర్చుచున్నాడనుకొందము. ఆయనకు పదుమూడేండ్ల కుమార్తె కలదు. చలికాలమంతయు శని, ఆదివారములలో తండ్రీకూతుండ్రు షెడ్డులో పనిచేసిరి. చట్రము నాలుగు ఉక్కు కాళ్లమీద నిలిచి యున్నది. ముందు చక్రములను మోయు చేతులు, స్ప్రింగులు, స్టీరింగు, వెనుక ఇరుసు తగిలించుట ముగిసినది. ఇక చివరి కూర్పు మిగిలినది. భాగముల కుప్ప కారుగా మారునది ఈ దశలోనే. తప్పులు దాగికొనుటకును ఇదియే తావు. ఒక భాగముమీద మరియొకటి, దానిమీద ఇంకొకటి వచ్చి చేరినకొలది, అడుగుననున్నది కంటికి కనబడదు.

మొదట ఇంజనును దింపవలెను. ఇంజనును గేరుపెట్టెను ముందుగానే నేలమీద ఒకటిగా బిగింతురు. ఆ జంటను గొలుసులతో కట్టి, చేతితో నడుపు చిన్న క్రేనుతో పైకెత్తుదురు. గేరుపెట్టె తోక క్రిందికి వాలునట్లు ఏటవాలుగా పట్టి, సీట్ల నడుమనున్న సొరంగమువంటి చోటిలోనికి మెల్లమెల్లగా పోనిత్తురు. ఇంజనునకు చట్రమునకు మధ్య కొన్ని తావుల వ్రేలు పట్టునంత సందు మాత్రమే యుండును. అల్యూమినియపు రేకులకు దెబ్బ తగులకుండ పాత దుప్పట్లు కప్పుదురు. ఒకరు క్రేనును దించుచుండగా మరియొకరు సందులు చూచుచుండవలెను. ఇక్కడ బలముకంటె ఓర్పు ముఖ్యము.

ఇంజను చట్రముమీద కూర్చున్న తరువాత గూడ బోల్టులను వెంటనే బిగింపరాదు. ఒకదానిని పూర్తిగా బిగించినచో తక్కిన రంధ్రములు ఒకదానికొకటి ఎదురుపడవు. అన్ని బోల్టులను మొదట వ్రేళ్లతో తగిలించి, భాగము తన చోటున సరిగా కుదిరిన పిదప, ఎదురెదురు బోల్టులను వరుసగా కొంచెము కొంచెము బిగింపవలెను. చక్రముల నట్టులకును ఇదే పద్ధతి.

ఎంత బిగింపవలెను? 'గట్టిగా' అనుట సమాధానము కాదు. బిగించినప్పుడు ఉక్కు బోల్టు కంటికి తెలియనంత సాగును. సాగిన రబ్బరు పట్టీవలె అది వెనుకకు లాగుచు, రెండు భాగములను అదిమి పట్టును. తక్కువ బిగించినచో అదురునకు సడలిపోవును. ఎక్కువ బిగించినచో బోల్టు తన సత్తువకు మించి సాగి, ఒకనాడు తెగిపోవును. అందుచేత ముఖ్యమైన ప్రతి బోల్టునకు ఇంత బిగువని లెక్క యుండును. ఆ లెక్కకు సరిచేసిన ప్రత్యేకమైన పానా నిర్ణయించిన బిగువు రాగానే 'టక్కు'మని చప్పుడు చేయును. చప్పుడు వినగానే బోల్టునకు, భాగమునకు కలిపి ఒక రంగు గీత గీయుదురు. బోల్టు తిరిగినచో గీత విరిగి కనబడును. ఆ గృహస్థు బిగించుచుండగా కుమార్తె గీతలు గీసి, కాగితముమీద గుర్తు పెట్టుచుండెను.

తరువాత బ్రేకులు. కాలితో పీటను త్రొక్కినప్పుడు సన్నని గొట్టములలోని బ్రేకునూనె ఆ ఒత్తిడిని చక్రములకు చేర్చును. ద్రవమును అదిమినను దాని పరిమాణము దాదాపుగా తగ్గదు; గాలి మాత్రము అణగిపోవును. కనుక గొట్టములో గాలి యున్నచో, పీట త్రొక్కినప్పటి కదలికలో కొంత ఆ గాలిని అణచుటకే పోవును, బ్రేకులు సరిగా పట్టవు. ఆ గాలిని వెడలగొట్టుటకు ఇద్దరు కావలెను. సాధారణముగా దూరపు చక్రముతో మొదలుపెట్టుదురు. కుమార్తె పీటను త్రొక్కి పట్టును. తండ్రి చక్రమువద్దనున్న చిన్న మరను సడలించును. దానికి తగిలించిన పారదర్శకమైన గొట్టములో నూనెతో పాటు బుడగలు వచ్చును. మరను తిరిగి బిగించిన తరువాతనే ఆమె కాలు తీయవలెను. ముందుగా తీసినచో గాలి మరల లోనికి పోవును. 'త్రొక్కుము', 'పట్టుము', 'విడువుము' అను మూడు మాటలతో వారి సాయంకాలము గడచెను. బుడగ లేని నూనె వచ్చి, పీట కాలిక్రింద రాయివలె నిలిచినప్పుడు ఆ పని ముగిసినది.

పిదప కారును కాళ్లమీదినుండి దించి చక్రములపై నిలిపిరి. ఇక్కడ నొక సూక్ష్మమున్నది. చక్రములను మోయు చేతుల మొదళ్లలో రబ్బరు తొడుగు లుండును. చక్రము గాలిలో వ్రేలాడుచుండగా ఆ బోల్టులను పూర్తిగా బిగించినచో, కారు నేలకు దిగగానే చేతులు పైకి లేచి, లోపలి రబ్బరు మెలిపడును. ఎల్లప్పుడు మెలిపడియున్న రబ్బరు త్వరలో చిరిగిపోవును. కనుక బరువు చక్రములమీద పడిన తరువాతనే ఆ బోల్టులకు చివరి బిగువు ఈయవలెను. ఏది బిగింపవలెనో తెలియుట ఎంత ముఖ్యమో, ఎప్పుడు బిగింపవలెనో తెలియుటయు అంత ముఖ్యము.

ఇంజనును మొదటిసారి నడపుటకు గూడ తొందర పనికిరాదు. క్రొత్త ఇంజనులోని భాగములకు నూనె ఇంకను చేరియుండదు. అందుచేత మొదట స్పార్కు ప్లగ్గులను తీసివేసి, స్టార్టరుతో ఇంజనును త్రిప్పుదురు. నూనె ఒత్తిడిని చూపు ముల్లు పైకి లేచినప్పుడు మాత్రమే ప్లగ్గులను బిగించి, పెట్రోలు మండనిత్తురు. ఆనాడు షెడ్డు తలుపులు బార్లాగా తెరచి ఇంజనును నడపిరి. ఒకసారి దగ్గి, రెండవసారి అది గర్జించెను. నెలల తరబడి మౌనముగానున్న ఇనుము మాటాడినట్లయ్యెను. కుమార్తె చప్పట్లు కొట్టెను.

తరువాత సీట్లు, పట్టీలు, తివాచీలు అమర్చిరి. కాగితముమీద గుర్తు లేని గడి ఒక్కటియు మిగులలేదు. తెల్లవారినచో పరీక్షకు పోవలెను. ఆ రాత్రి కుమార్తె పళ్లెము తుడుచుచుండగా, దాని అడుగున ఒక వాషరు కనబడెను. అది రూపాయిబిళ్ల యంత, కొంచెము మందమైన ఉక్కు బిళ్ల.

"నాన్నగారూ, ఇది ఎక్కడిది?" అని ఆమె యడిగెను.

"కంపెనీవారు ఒకటి ఎక్కువ వేసియుందురు" అని తండ్రి యనెను.

ఆమె పొట్లముల జాబితా తెచ్చి చూపెను. అందులో ఆ కొలత వాషరులు నాలుగని యుండెను. నాలుగును వాడినట్లు ఆమెయే గుర్తు పెట్టియుండెను. నాలుగు వాడినచో ఐదవది ఎక్కడినుండి వచ్చెను? కాదు, మూడే వాడియుండవలెను. తండ్రి గడియారమువైపు చూచెను, కారువైపు చూచెను. ఆ వాషరును జేబులో వేసికొనినచో అడుగువా రెవరును లేరు. కారు చూచుటకు చక్కగానే యున్నది. ఆయన ఒక నిమిషము ఊరకుండి, పానా చేతిలోనికి తీసికొనెను.

పూర్వము పెట్టెలో వచ్చెడి విప్పు కాగితములవలె, వారు చేసిన పనిని చివరినుండి వెనుకకు నడపిరి. తివాచీలు తీసిరి, సీట్లు విప్పిరి. ఆ వాషరులు సీటు పట్టీల చివర నుండు ఉక్కు బిళ్లలను నేలకు బిగించు బోల్టులవి. మూడు బోల్టులు సరిగా నున్నవి. నాలుగవది, ఎడమ సీటు ప్రక్కన, సొరంగముదగ్గర నున్నది. దానిమీదను రంగు గీత యున్నది, గీత విరుగలేదు. పానా పెట్టి చూడగా 'టక్కు'మనెను. తండ్రి నిట్టూర్చెను. కాని కుమార్తె చేయివేసి ఉక్కు బిళ్లను కదపగా అది గిలగిల కదలెను.

ఇది ఎట్లు సంభవించినది? వాషరు లేనందున బోల్టు దాని మందమంత ఎక్కువగా లోనికి పోయి, రంధ్రము అడుగును తాకి నిలిచిపోయెను. పానాకు తెలిసినది బోల్టు ఇక తిరుగదను మాట మాత్రమే. అది పట్టీ బిళ్లను అదిమినదో, రంధ్రపు అడుగును తాకినదో పానా ఎరుగదు. గీత, గుర్తు, చప్పుడు మూడును సరిగానే యున్నవి. బిగువు మాత్రము లేదు. ఆ ఎడమ సీటు కుమార్తె కూర్చుండునది.

తండ్రి ఏమియు మాటాడలేదు. ఆ బోల్టును విప్పి, వాషరు వేసి, మరల బిగించెను. పాత గీతను తుడిచి క్రొత్త గీత గీయుమని కుమార్తె కిచ్చెను. అంతటితో ఊరకొనక, ఆ రాత్రి చేయి పోగల ప్రతి బోల్టువద్దను ఇద్దరును చేయివేసి కదిపి చూచిరి. పరీక్షను ఒక దినము వాయిదా వేయించుకొనుటకు గూడ ఆయన సిద్ధపడెను గాని, తెల్లవారుజామునకు పని ముగిసెను.

ఇంటిలో కూర్చిన కార్లను పరీక్షించుటకు బ్రిటనులో 1998నుండి ప్రత్యేకమైన ఏర్పాటు కలదు; 2009లో దానిని మార్చి మరింత కట్టుదిట్టము చేసిరి. బ్రేకులు, దీపములు, అద్దములు, సీటు పట్టీలు, పొగ, చప్పుడు, వేగమును చూపు ముల్లు మొదలగువానిని పరీక్షకుడు చూచును. బాటసారికి తగిలినచో గాయమగునంత వాడియైన అంచు కారు వెలుపల ఉన్నను ఒప్పుకొనడు. లోపము కనబడినచో దిద్దుకొని మరల రమ్మనును. తన సొంత చేతిపని యైనను, బాట అందరిది గదా! ఆ బాటమీద పోవువారందరి తరఫున ఆయన చూచును.

అయినను ఎంతటి పరీక్షకుడైనను కారును ముక్కలుగా విప్పి చూడడు. మూతలక్రింద, తివాచీలక్రింద ఉన్నదానికి కూర్చినవాని మనస్సే సాక్షి. పరీక్షలో నెగ్గిన దినమున ఆ గృహస్థు పొందిన కాగితముకంటె, అంతకుముందు రాత్రి ఆయన విప్పిన బోల్టు విలువైనది. చేసిన పనిని చూచి సంతోషించుట సులభము. అనుమానము కలిగినప్పుడు దానినే విప్పుట కష్టము. ఆ కష్టమునకు ఓర్చువాని చేతిపనినే ఇతరులు నమ్మి ఎక్కగలరు.

సంఖ్యాఫలకము తగిలించి, మొదటిసారి బాటమీదికి పోవు దినమున, కుమార్తె ఎడమ సీటులో కూర్చుండెను. పట్టీ పెట్టుకొనుటకు ముందు ఆమె ప్రక్కకు చేయి పోనిచ్చి, ఉక్కు బిళ్లను ఒకసారి కదిపి చూచెను. అది కదలలేదు. అప్పుడు ఆమె తండ్రివైపు తిరిగి, "ఇక పోవుదము" అనెను.